అద్దాలు పంచారు సరే, ఆటల పీరియడ్ ఏది?

సంపాదకులకు నమస్కారం.

బడి పిల్లలకు కంటి పరీక్షలు చేసి కళ్లద్దాలు పంచారని పోయిన వారం మీ జిల్లా పేజీలో ఫొటోతో సహా వేశారు. సంతోషం. ఆ ఫొటోను ఇంకోసారి చూడండి. చార్టుకూ పిల్లవాడికీ నడుమ రెండు బెంచీల దూరం కూడా లేదు. అది 6 మీటర్ల నుంచి, అంటే 20 అడుగుల నుంచి చదవాల్సిన చార్టు. 10 అడుగుల నుంచి 6/6 వరుస (మంచి చూపున్నవాడు 6 మీటర్ల నుంచి చదివేది) చదివినవాడి చూపు నిజానికి 6/12, అంటే మంచి చూపున్నవాడు 12 మీటర్ల నుంచి చదివేది వీడు 6 మీటర్ల నుంచే చదవగలడు. అద్దాలు కావాల్సినవాడే పాసైపోయి ఇంటికి పోతాడు! పైగా అరచేత్తో కన్ను నొక్కి పట్టుకున్నాడు. నొక్కిన కన్ను తెరిస్తే కాసేపు మసకే, నొక్కకపోతే వేళ్ల సందుల్లోంచి చూపే. ఒక అట్టముక్క దొరకలేదా? వెనక నిల్చున్నవాళ్లు ఈలోపు అక్షరాలు బట్టీ కొట్టేస్తారు. ఒకరిని ఎడమ నుంచి, ఇంకొకరిని కుడి నుంచి చదివించాలన్న సంగతి కూడా ఎవరికీ తట్టలేదు.

అద్దాలు వచ్చినవాళ్ల సంగతైనా చూస్తారా అంటే అదీ లేదు. దూరం ఆననివాళ్లకిచ్చే మైనస్ అద్దాల్లో వస్తువులు చిన్నగా కనిపిస్తాయి, మెట్ల దగ్గర అంచనా తప్పుతుంది. కొత్తలో కొందరు తూలుతారు, విసుగొచ్చి అద్దాలు సంచిలో పడేస్తారు. అప్పుడు బంతి ఆనదు, 'వీడికి ఆట రాదు' అని పేరు పడుతుంది. నిలకడకు కన్ను, లోపలి చెవి, పాదం మూడూ కలవాలి. దానికి వేలు ఖర్చుపెట్టాల్సిన పని లేదు. రాళ్లు ఏరేసి, ముగ్గుపిండితో పదడుగుల గీత గీసి, మడమకు బొటనవేలు ఆనిస్తూ, చూపు కిందికి దించకుండా నడిపించాలి. అది కుదిరాక తల అటూ ఇటూ తిప్పుతూ నడవాలి. తర్వాత ఒంటికాలి మీద అర నిమిషం. తొక్కుడుబిళ్లలో ఉన్నది ఇదే. చిర్రగోనె ఆడే పిల్లవాడు గాల్లోకి లేచిన చిర్రను చూపుతో పట్టుకునే కదా కొట్టేది!

దూరపుచూపు మందగించడానికి వెలుతురు కరువు కూడా ఒక కారణం. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలను రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచితే, మూడేళ్లలో కొత్తగా ఆ లోపం వచ్చినవాళ్లు 30 శాతం, ఉంచని బడుల్లో 39 శాతం పైనే. 2015లో వచ్చిన ఫలితాలివి. 40 నిమిషాలంటే మన ఒక్క పీరియడ్. మన ఎండలకు ఎలాగండీ అంటారు. వేపచెట్టు నీడలో కూడా తరగతి గదికన్నా ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది.

కానీ ఆ పీరియడ్‌ను లెక్కల సారు తీసుకుంటారు. పీఈటీ సారు మధ్యాహ్న భోజనం లెక్కల్లో ఉంటారు, లేదంటే రాని టీచరు క్లాసులో కూర్చుంటారు. వంద మంది దాటిన ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు వ్యాయామ బోధకుడు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే రాశారు. గ్రౌండ్ సంగతి అడగనే వద్దు. యాసంగిలో వడ్లు, తర్వాత ఫంక్షన్ల టెంట్లు, నాయకుడొస్తే హెలిప్యాడ్. గుంజలు పీకిన గుంతలు పూడ్చే దిక్కు లేదు. ఆ గుంతల్లో కాలు మెలికపడితే 'పిల్లలు జాగ్రత్తగా ఆడాలి' అని సర్క్యులర్ మాత్రం వస్తుంది.

ఆగస్టు 29న క్రీడా దినోత్సవం ఫొటోలు మీకు ఎలాగూ అందుతాయి. వేసే ముందు ఆ బడి టైంటేబుల్ కూడా ఒకటి తెప్పించుకోండి.

– ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, దేవరకొండ