గ్రేట్ మాల్‌లో పుట్టిన బండి

అమ్మలూ,

మొన్న ఫోన్లో "ఆ డొక్కు కారు మీద ఇంకెంత తగలేస్తావు నాన్నా" అన్నావు. మీ అమ్మ పక్కనే ఉందని మాట దాటేశాను. లెక్క ఇప్పటికీ చెప్పను గానీ, నిన్న గరాజ్‌లో జరిగింది చెబుతా.

నా పాత ఫోర్డ్ మస్టాంగ్ వెనక సీటు ఊడదీశాను. స్ప్రింగుల మధ్య, ఎలకలు కొట్టగా మిగిలిన అరచేయంత కాగితం దొరికింది. నిండా గళ్ళు, గళ్ళలో అంకెలు. ఏ రంగు, ఏ ఇంజిన్, ఏ సీట్లు వెయ్యాలో ఫ్యాక్టరీ లైన్లో పనివాళ్ళు చూసుకునే చీటీ అది. పనైపోయాక ఎవడో అక్కడే వదిలేశాడు. బానెట్ ఎత్తితే, ఇంజిన్‌కీ మన కాళ్ళకీ మధ్య ఉండే రేకు గోడ మీద పసుప్పచ్చ గీత కూడా ఉంది. చెక్ చేసినవాడు పెట్టిన గుర్తు. సబ్బుగుడ్డతో తుడవబోయి ఆగిపోయాను. (కొందరు మహానుభావులు కొత్త పెయింట్ వేయించి, పాత ఫోటోలు చూసి ఆ గీతలు మళ్ళీ గీస్తారు. నాకింకా అంత ముదరలేదు.)

అసలు సంగతి ఇది. ఫ్యాక్టరీలో బండికి కొట్టిన నంబరు 6ఆర్07తో మొదలవుతుంది. 6 అంటే 1966 మోడల్, 07 అంటే రెండు తలుపుల హార్డ్‌టాప్, అంటే గట్టి రేకు కప్పుది. ఆర్ బదులు ఎఫ్ ఉంటే ఇక్కడే మిషిగన్‌లో, మన పక్క డియర్‌బోర్న్‌లో చేసిన బండి. అదే అనుకుని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాను. ఆర్ అంటే శాన్ హోసే ప్లాంటట! అది ఉన్నది మీ కాలిఫోర్నియాలో, మిల్పిటాస్‌లో. 1983లో మూసేశారు. ఆ బిల్డింగే 1994లో గ్రేట్ మాల్ అయింది. నువ్వు మొన్న దీపావళికి బట్టలు కొన్న చోటు. మిషిగన్‌లో పుట్టినదానివి నువ్వు అక్కడ, అక్కడ పుట్టింది నా గరాజ్‌లో.

చిన్నప్పుడు నిన్ను హైలాండ్ పార్క్‌లో ఫోర్డ్ పాత ఫ్యాక్టరీకి తీసుకెళ్తే, బయటి నుంచి చూసి "ఇదేనా" అని మొహం ముడుచుకున్నావు. 1913లో అక్కడే మనిషిని ఒకచోట నిలబెట్టి బండిని కదిలించారు. ఫోర్డ్ మోడల్ టీ కారు చాసిస్ (అడుగు చట్రం) బిగించడానికి అంతకుముందు పన్నెండున్నర గంటలు పట్టేది, లైను వచ్చాక గంటా 33 నిమిషాలు. 1908లో 850 డాలర్లున్న బండి 1925కల్లా 260కి దిగింది. కానీ రోజంతా అదే బోల్టు బిగించలేక జనం పని మానేసి పోయేవారు. 1914 జనవరిలో రోజుకి ఐదు డాలర్లన్నది అందుకే. అదీ ఊరికే ఇవ్వలేదు. ఇల్లు శుభ్రంగా ఉందా, తాగుతున్నాడా అని కంపెనీ మనుషులు ఇంటికొచ్చి చూసేవాళ్ళు! అందుకని ఆ రోజులే బాగుండేవని నేననను. ఈ చీటీ వదిలేసినవాడికి ఆ సాయంత్రం నడుం పట్టేసే ఉంటుంది. అయినా వాడి చెయ్యి తగిలిన కాగితం నా చేతిలో ఉంటే, పారెయ్యబుద్ధి కాలేదు.

ఆగస్టులో వుడ్‌వర్డ్ క్రూజ్‌కి, అదే పాత కార్ల ఊరేగింపుకి, ఈ బండిని తీసుకెళ్తే ఫెర్న్‌డేల్ కూడా దాటకుండానే రేడియేటర్ మరిగింది. అమ్మ ఎండలో గంటన్నర కూర్చుంది. ఆ గంటన్నర గురించి ఇంకా వింటూనే ఉన్నాను.

ఈసారి మాల్‌కి వెళ్తే ముందు వైపు వద్దు, లారీలు సరుకు దించే వెనక వైపు ఒక ఫోటో తియ్యి. ప్రింటు తీయించి చీటీతో పాటు గ్లవ్ బాక్స్‌లో పెడతా. కొత్త రేడియేటర్ ఆర్డరిచ్చిన సంగతి మాత్రం అమ్మ దగ్గర ఎత్తకు.

మీ నాన్న