ఆవకాయ జాడీ సంగతి

చిన్నా,

నీ గొంతు విని ఇరవై రోజులైంది. ఫోన్ చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే దణ్ణం బొమ్మ ఒకటి వస్తుంది. పనిలో ఉన్నావనే అనుకుంటున్నాను. ఇక్కడ మునగ విరగకాసింది. నాన్నగారి మోకాలు ఫర్వాలేదు.

మొన్న సీతత్త వచ్చి, నువ్వు షుగర్ మాత్ర మానేసి నల్ల జీలకర్ర నూనె క్యాప్సూల్స్ మింగుతున్నావని చెప్పింది. నిజమేనా? సరే, తర్వాత చెబుదువుగాని.

నువ్వు కడుపులో ఉన్న ఏడాది తాతగారు చవకగా వచ్చిందని పొద్దుతిరుగుడు నూనె తెచ్చారు. ఆవకాయకి పప్పునూనే, అంటే నువ్వుల నూనే, పోయాలని నాయనమ్మ రెండు రోజులు పోరింది. నేనేమో, కెమిస్ట్రీ చదివినదాన్ని, ఏ నూనైతే ఏమిటన్నాను. రెండు జాడీలు పొద్దుతిరుగుడుతో, ఒకటి పప్పునూనెతో పెట్టాం. దసరాకి వాసెన విప్పితే ఆ రెండూ పాత నూనె కంపు. పైన తేరిన నూనె వేలికి జిగురుగా అంటుకుంది. మూడోదాంట్లో అప్పటికీ ఆవపిండి ఘాటు ముక్కుకి తగులుతూనే ఉంది. నాయనమ్మ ఒక్క మాటా అనలేదు, ఆ రెండూ పెరట్లో పారబోయించింది. నువ్వుల్లోని సెసమోలిన్ అనే పదార్థం, వేయిస్తే దాన్నుంచి వచ్చే సెసమోల్, నూనెకి గాలి సోకినా త్వరగా చెడనివ్వవని తర్వాత పాఠం చెప్పినప్పుడల్లా ఆ వాసనే గుర్తొచ్చేది.

మీ సీసా మీద రాసేది థైమోక్వినోన్ గురించి, అదీ అలాగే గాలి సోకి చెడనివ్వని యాంటీఆక్సిడెంట్ అని. నల్ల జీలకర్రలో అది ఉన్న మాట నిజమే. కాలేజీలో యాంటీఆక్సిడెంట్ ఉందో లేదో చూడడానికి డీపీపీహెచ్ అనే ఊదారంగు రసాయన ద్రావణంలో వాము సారం చుక్కలు వేయిస్తే, రంగు విరిగి లేత పసుపుకి దిగేది. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. కానీ అది పరీక్షనాళిక, నాన్నా. నీ పేగు, కాలేయం, రక్తం దాటాల్సిన దారి దాంట్లో లేదు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేల మంది మగవాళ్ళలో కొందరికి ఏళ్ళ తరబడి బీటా కెరోటిన్ మాత్రలిచ్చారు, అదీ యాంటీఆక్సిడెంటే. 1994లో ఫలితం చూస్తే, అవి వేసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. కూరలో పడే గింజా, రోజూ మింగే గుళికా ఒకటి కావు.

మెంతులు నానబెట్టుకుని తిను, వద్దనను. దాని జిగురు పీచు భోజనం తర్వాత చక్కెర ఎక్కడాన్ని కాస్త నెమ్మది చేస్తుంది. అలాగని మాత్ర మానకు. ఆ క్యాప్సూల్స్ సంగతి డాక్టరుకి చెప్పావా? సీసా పట్టుకెళ్ళి చూపించు. మళ్ళీ అక్కడికే వచ్చాను, కోప్పడకు.

కొరియర్‌లో నువ్వుల పొడి, వాము, ధనియాల పొడి పంపాను. పొడులు నెలలో వాడెయ్, డబ్బా మూత బిగించు, పొయ్యి పక్కన పెట్టకు. రేపు పరగడుపున షుగర్ చూసుకుని అంకె పంపు. మాత్ర వేసుకున్నాక ఇడ్లీ తినకుండా ఆఫీసుకి పరిగెత్తకు. ఆదివారం ఎన్నింటికైనా సరే, ఫోన్ చెయ్యి. మేలుకునే ఉంటాను.

మీ అమ్మ