గొంతు సన్నబడే కామెడీ ఇంకెన్నాళ్లు

ఎడిటర్ గారికి నమస్కారం,

మన సినిమాల్లో కమెడియన్‌కి అక్కడ దెబ్బ తగలగానే గొంతు సన్నగా అయిపోతుంది, హాలంతా నవ్వులు, విలన్‌కి కోసేస్తే విజిల్స్. అసలు పెద్దయ్యాక వృషణాలు పోయినా గొంతు సన్నబడదండీ, గొంతు మారకముందే చిన్నపిల్లాడికి చేస్తేనే అలా ఉండిపోతుంది. ఒకప్పుడు ఇటలీలో అదే చేశారు, పాట కోసం చిన్న మగపిల్లల్ని కోసి, బయటికి మాత్రం గుర్రం మీంచి పడ్డాడనో జబ్బు చేసిందనో చెప్పేవాళ్లు.

అలాంటి ఒక ఇటలీ గాయకుడి మీద 1994లో వచ్చిన ఫారినెల్లి సినిమా చూడండి, ఆ గుర్రం కథ అబద్ధమని గాయకుడికి తెలిసే ఘట్టం చూశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అలాంటి గొంతు ఇప్పుడు ఎవరికీ లేదు కాబట్టి ఒక మగ గాయకుడి గొంతు, ఒక ఆడ గాయని గొంతు కంప్యూటర్‌లో కలిపి తయారుచేశారు. 2015లో లండన్‌లో ఆడిన ఫారినెల్లి అండ్ ది కింగ్ నాటకంలో ఇంకో పద్ధతి, నటుడు మాట్లాడతాడు, పాట రాగానే అదే డ్రెస్‌లో ఇంకో గాయకుడు పక్కకొచ్చి నిలబడి పాడతాడు. కత్తి చూపించకుండానే మనిషి రెండు ముక్కలయ్యాడని అర్థమైపోతుంది, నాకైతే ఇదే ఎక్కువ నచ్చింది.

అలాంటి గొంతున్న ఇటలీ గాయకుడు మొరెస్కీ 1902, 1904లో పాడిన రికార్డులు ఇప్పటికీ దొరుకుతాయి. మన రైటర్లు ఆ కామెడీ సీన్ రాసే ముందు దయచేసి ఒక్కసారి వినండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కాకినాడ