రాతిగొడ్డలి ఆటకూ మ్యూజియంలో చోటు ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే మా అటక మీద పాత టీవీ గేము పెట్టె, దాని పక్కనే పసుపుపచ్చ క్యాసెట్టు ఒకటి దొరికాయి. క్యాసెట్టు మీది కాగితం చాలావరకు ఊడిపోయి, టోపీ పెట్టుకుని నడుముకు ఆకులు చుట్టుకున్న మనిషి బొమ్మ సగమే మిగిలింది. తొంభైల్లో పిల్లలుగా ఉన్నవారికి ఆ సగం బొమ్మ చాలు, అది ‘అడ్వెంచర్ ఐలాండ్’ అని చెప్పేస్తారు. పాత సామాన్ల బండికి వేసేయమని ఇంట్లో అన్నారు గానీ నాకు మనసొప్పలేదు. ఇలాంటివాటిని కాపాడేందుకు మన నగరం చేయగలిగింది ఉందన్న నమ్మకంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

జపాన్‌కు చెందిన హడ్సన్ సాఫ్ట్ సంస్థ 1986లో ఈ ఆటను విడుదల చేసింది. అదే ఏడాది సెగా అనే మరో కంపెనీ ఆర్కేడ్ యంత్రాలకు (నాణెం వేసి ఆడే పెద్ద గేము యంత్రాలకు) వచ్చిన ‘వండర్ బాయ్’ దీనికి మాతృక. ఆ పేరు మీదా, నాయకుడి బొమ్మ మీదా హక్కులు సెగావి కావడంతో, హడ్సన్ వారు తమ ఉద్యోగి తకహాషి పోలికలతో కొత్త నాయకుణ్ణి తయారుచేసుకున్నారు. చేతిలో రాతిగొడ్డలి, దారిలో నత్తలు, పాములు, మంటలు, దొర్లుకొచ్చే బండలు, ఇలా ఆటంతా ఆదిమ మానవుడి బతుకును తలపిస్తుంది. ఎనిమిది ప్రాంతాలు, ఒక్కొక్కదానిలో నాలుగేసి అంచెలు ఉంటాయి. పైనున్న శక్తి గీతలు క్షణక్షణానికీ తరిగిపోతుంటాయి కాబట్టి ఆగి ఆలోచించే వీలుండదు. పండ్లు ఏరుకుంటూ పోతేనే అవి నిండుతాయి, రాయి తగిలి తూలినా కొన్ని పోతాయి. గుడ్డు పగిలితే గొడ్డలి రావచ్చు, ఆపుదామన్నా ఆగని స్కేట్‌బోర్డు రావచ్చు, వంకాయ కూడా రావచ్చు. వంకాయ వచ్చిందంటే కొంతసేపు మనిషి చుట్టూనే తిరుగుతూ శక్తినంతా పీల్చేస్తుంది. గుత్తివంకాయ లేనిదే విందు కాదనుకునే ఇంట్లో పెరిగిన నాకు ఆ వయసులో అది పెద్ద వింత. మొదటి అంచెలో దాగున్న తేనెటీగను పట్టుకోకపోతే, ప్రాణాలన్నీ అయిపోయాక మళ్లీ మొదటి నుంచే రావాలి. ఆ రహస్యం మా వీధిలో ఒకరి నోటి నుంచి ఒకరికి చేరిందే తప్ప ఏ పుస్తకంలోనూ చదివింది కాదు. 1991లో వచ్చిన రెండో భాగంలో నాయకుడు డైనోసార్ల కాలపు జంతువుల మీద ఎక్కి తిరుగుతాడు. ఒకటి ఈదుతుంది, ఒకటి ఎగురుతుంది. డైనోసార్లు 6.6 కోట్ల ఏళ్ల కిందటే అంతరించాయని, వాటిని చూసిన మనిషి ఎవడూ లేడని పిల్లలకు పక్కనుండి చెప్పాల్సిందే.

ఆ రోజుల్లో బొమ్మ రాకపోతే క్యాసెట్టు బయటికి తీసి, దాని మూతిలో గట్టిగా ఊది మళ్లీ పెట్టేవాళ్లం. మేలు చేస్తున్నామనుకుంటూ చేసిన చేటు అది. ఇప్పుడు భూతద్దం పెట్టి చూస్తే, లోపలి పలక అంచున వరసగా ఉన్న లోహపు పట్టీల మీద పచ్చటి చిలుము కనిపిస్తోంది. మన ఊపిరి తడికి ఈ ఊరి ఉప్పుగాలి తోడైంది. ఆట చిప్పులోనే శాశ్వతంగా ముద్రపడి ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా చెరగదు. దాన్ని చదివే దారే మూసుకుపోతోంది. పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, స్పిరిట్‌తో తుడిచి పెడితే నాలుగోసారికి తెర మీద బొమ్మ వచ్చింది. ఇంకో పదేళ్లకు వస్తుందన్న ధీమా నాకు లేదు.

కంపెనీలే చూసుకుంటాయి కదా అనుకోవడానికీ లేదు. హడ్సన్ సాఫ్ట్ 2012లో కొనామి అనే మరో ఆటల కంపెనీలో కలిసిపోయింది. ఈ ఆటను డిజిటల్ రూపంలో అమ్మిన నింటెండో కంపెనీ ‘వీ’ గేము యంత్రపు ఆన్‌లైన్ దుకాణం 2019లో మూతపడింది. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా దొరకడం లేదని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. మన చట్టం కూడా ఈ విషయంలో ఒక అడుగు వెనకే ఆగింది. కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్‌కు 2012లో చేసిన సవరణ ప్రకారం, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం ఒక కృతిని భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. అయితే ఆ కృతి డిజిటల్ కాని ప్రతి అప్పటికే గ్రంథాలయంలో ఉండాలన్నది షరతు. పుస్తకానికి కాగితపు ప్రతి ఉంటుంది, పుట్టుకే డిజిటల్ అయిన ఆటకు అలాంటి ప్రతి ఎక్కడి నుంచి తేవాలి? ఈ ఒక్క షరతును సడలించమని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి.

సేవ ముగించిన యంత్రాన్ని ఎలా గౌరవించాలో విశాఖకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 2001లో విధుల నుంచి తప్పించిన ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామిని ఆ మరుసటి ఏడాదే బీచ్‌రోడ్డున ఒడ్డుకు చేర్చి మ్యూజియం చేశాం. దాన్ని బయట నుంచి చూసి సరిపెట్టుకోకుండా, లోపలి ఇరుకు దారుల్లో ఒంగి నడిచి తెలుసుకునే వీలు కల్పించాం. ఆట కూడా అంతే, అద్దాల బీరువాలో పెడితే తెలిసేది కాదు. విశాఖ మ్యూజియంలోనో, పౌర గ్రంథాలయంలోనో ఉప్పుగాలి తగలని చిన్న గది ఒకటి, పాత పిక్చర్ ట్యూబు టీవీ ఒకటి, ఆడి చూసేందుకు రెండు రిమోట్లు ఏర్పాటు చేస్తే చాలు. యంత్రాల మరమ్మతును ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు. అటువంటి గది ఏర్పాటైన రోజున నా పెట్టెనూ, ఆ సగం బొమ్మ క్యాసెట్టునూ స్వయంగా తెచ్చి అప్పగిస్తాను.

– ఒక పాఠకుడు, మర్రిపాలెం, విశాఖపట్నం