ఆ ప్రాజెక్టులు చేసేది నేనే

సంపాదకుడు గారికి నమస్కారాలు.

అనంతపురం పాతూరులో నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. సైన్స్ ఫెయిర్ దగ్గర పడిందంటే నాకు వేరే గిరాకీ మొదలవుతుంది. చీకటి పడితే వెలిగే వీధి దీపం, వాన చినుకు తగిలితే మోగే అలారం, ట్యాంకు నిండితే ఆగిపోయే మోటారు. తల్లిదండ్రులు వస్తారు, "అన్నా, ఎల్లుండికల్లా కావాల" అంటారు. నేను వైర్లు సోల్డర్ చేసి, థర్మాకోల్ మీద అతికించి, ఏ స్విచ్ ఎప్పుడు వెయ్యాలో పిల్లవాడికి చెప్పి పంపిస్తాను. వివరణ కాగితాలు పక్కనున్న నెట్ సెంటర్‌లో ప్రింట్ తీసుకుంటారు. వీధి దీపం సర్క్యూట్ ఏళ్లుగా అదే, కింద పిల్లవాడి పేరు ఒక్కటే మారుతుంది. దానికి ప్రైజులు కూడా వచ్చాయి. గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, కానీ అది దాచిపెట్టి ఈ ఉత్తరం రాస్తే బాగుండదు.

మా పాప పోయిన ఏడాది తొమ్మిదో తరగతి. నా చేత చేయించుకోనని, తన ప్రాజెక్టు తనే చేసుకుంటానని ముందే చెప్పేసింది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు బంధువుల ఇంటికి పోయినప్పుడు దాని కన్ను తోలుబొమ్మల మీద పడింది. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చాక ఆ ఊరి పేరు అందరికీ తెలిసింది. 2022లో జిల్లాలు విడదీశాక ఆ ఊరు శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, మా నోట ఇప్పటికీ అది అనంతపురం జిల్లానే. మేక తోలును శుభ్రం చేసి, పల్చగా ఆరబెట్టి, దాని మీద బొమ్మ గీసి రంగులు వేస్తారు. నగలు ఉండాల్సిన చోట సన్నటి చిల్లులు కొడతారు. ఆ చిల్లుల్లోంచి దీపం వెలుతురు వస్తేనే నగలు మెరుస్తాయి. పాప అక్కడ అడుగు ఎత్తున్న ఒక బొమ్మ కొనుక్కుంది.

ఇంట్లో నా పాత పంచె తెరగా కట్టింది. తెరకు ఐదు అడుగుల దూరంలో నూనె దీపం పెట్టింది. బొమ్మను తెరకు ఆనిస్తే నీడ బొమ్మంతే ఉంది, రంగులు కూడా పంచె మీద దిగాయి. సరిగ్గా మధ్యలో పెడితే నీడ రెండడుగులైంది, కానీ అంచులు పలచబడి రంగులు పోయాయి. అదే బొమ్మను అట్టతో కత్తిరించి చూస్తే ఎక్కడ పెట్టినా నలుపే. ఇంతవరకు పాఠంలో ఉన్నదే. ఆ తర్వాత ఒకరోజు నా షాపులోంచి ట్యూబ్‌లైట్ తెచ్చి అడ్డంగా పెట్టింది, బొమ్మను తెరకు జానెడు దూరంలో పట్టుకుంది. కిరీటం మీద ఉన్న అడ్డగీతలు తేటగా పడ్డాయి, నిలువు గీతలు మాత్రం చెరిగిపోయాయి. ట్యూబ్‌ను నిలబెట్టింది. ఈసారి నిలువు గీతలు నిలిచి అడ్డగీతలు చెరిగాయి! ఇరవై రెండేళ్లుగా ట్యూబ్‌లైట్లు బిగిస్తున్నాను, నేనెప్పుడూ ఇది చూడలేదు. "వెలుతురు ఎటు పొడుగ్గా ఉంటే నీడ అటువైపు చెదురుతుంది" అని నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ వాక్యం ఏ గైడులోనూ లేదు. నేను ఆ రాత్రి అన్నం తిన్నాక మళ్లీ లేచి వెళ్లి ఒక్కడినే ట్యూబ్ తిప్పి చూసుకున్నాను.

ఆ నోట్‌బుక్ ఇరవై నాలుగు పేజీలు. ఎడమ పక్క తను గీసిన నీడల బొమ్మలు, కుడి పక్క దూరాలు, కొలతలు. చివర్లో తోలుబొమ్మలాటలో నవ్వించే పాత్రలు జుట్టుపోలిగాడికీ బంగారక్కకీ మధ్య ఒక సంవాదం. మా మాటల్లోనే రాసింది:

"ఏమయ్యా పోలిగా, నీ నీడ ఏంటికట్లా ఉబ్బె?"

"దీపం కాడికి పోతి గదే బంగారక్కా. పెద్దోళ్ల పక్కన నిలబడితే ఎవుడైనా లావుగా కనపడతాడు."

"లావైతే అయితివి గానీ, నీ మూతీ ముక్కూ యాడికి పాయె?"

బడిలో ఏమైందో చెప్తాను. బడి పేరు రాయను, పాప ఇంకా అక్కడే చదువుతోంది. సైన్స్ సారు చూసి, బాగుందమ్మా గానీ మధ్యలో ఈ నాటకం ఏంది, తెలుగు మేడమ్‌కు చూపించు అన్నాడు. తెలుగు మేడమ్ నవ్వుకుంటూ చదివి, కొలతల పట్టికలు తెలుగు ప్రాజెక్టులోకి రావు, పైగా యాసలో ఉంది అంది. బొమ్మలకైనా మార్కులు వేయించుకుందామంటే ఆ బడిలో డ్రాయింగ్ సారే లేడు, ఆ పీరియడ్ లెక్కలకు పోయింది. చివరికి సైన్స్ ప్రాజెక్టు కింద పదికి ఆరు వేశారు. నెట్ సెంటర్ ప్రింట్ అతికించిన రంగుల చార్టుకు తొమ్మిది. పాప ఏడవలేదు. "ఇద్దరికీ నచ్చింది గానీ ఇద్దరిదీ కాదంట నాన్నా" అంది.

టీచర్లను తిట్టడానికి రాయడం లేదు. ఒక్కొక్కరి ముందు ఎన్నేసి నోట్‌బుక్‌లు పేర్చి ఉంటాయో మా కళ్లతో చూశాం. అరగంటలో తరగతి మొత్తానికి మార్కులు వేసి ఆన్‌లైన్‌లో ఎక్కించాలంటే చార్టే సుఖం, దూరం నుంచి చూసినా అర్థమవుతుంది. ఆ బడిలో ఏడాదికి నాలుగు ఎఫ్ఏలు (ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు, అంటే ఏడాది మధ్యలో వేసే మార్కులు), ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి ఒక్కో ప్రాజెక్టు. ఇరవై నాలుగు! ఇన్ని ప్రాజెక్టులు ఏ పిల్లా సొంతంగా చెయ్యలేదు. అందుకే నా షాపు నడుస్తోంది, నెట్ సెంటర్ కూడా నడుస్తోంది.

కళలకూ సైన్సుకూ మధ్య గట్టి అడ్డుగోడలు ఉండకూడదని 2020 జాతీయ విద్యావిధానంలోనే రాశారు. రాసినవాళ్లు తొమ్మిదో తరగతి ఎఫ్ఏ మార్కుల రిజిస్టర్ చూశారో లేదో. అందులో ప్రతి సబ్జెక్టుకూ ఒక గడి, గడికీ గడికీ మధ్య గీత. బడి పిల్లల కోసం కేంద్రం నడిపే ఇన్‌స్పైర్ మానక్ లాంటి పథకాలు మంచివే, పిల్లల ఆలోచనకు పదివేలు ఇస్తారు. కానీ అక్కడ కూడా సమాజానికి పనికొచ్చే కొత్త పరికరమో ఉపాయమో కావాలి. నీడ ఎందుకు చెదిరిందో కనిపెట్టిన పిల్ల ఏ పరికరం చూపిస్తుంది?

బొమ్మలు గీయడం సైన్సు కాదనే వాళ్లకు ఒక్క మాట. స్పెయిన్ దేశపు శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ చిన్నప్పుడు చిత్రకారుడు కావాలనుకున్నాడు, తండ్రి డాక్టరు చదువులో పెట్టాడు. ఆ చెయ్యి ఊరుకోలేదు. మైక్రోస్కోప్‌లో నరాల కణాలను చూస్తూ వేల బొమ్మలు గీశాడు. 1906లో నోబెల్ వచ్చింది. గీస్తూ ఉంటేనే కొన్ని కంటికి ఆనతాయని నాకు మా పాపను చూశాకే తెలిసింది. గీతలు చెరిగిన సంగతి అది గుర్తుపట్టింది కూడా నీడను పెన్సిల్‌తో గీయబోయి, గీయలేకపోయినప్పుడే.

నేను అడిగేది చిన్నది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఆ ఇరవై నాలుగూ తీసేసి ఏడాదికి ఒకే ఒక సొంత ప్రాజెక్టు ఇవ్వండి. విషయం పిల్లలే ఎంచుకోవాలి. అందులో తాము గీసినదీ, కొలిచినదీ, తమ మాటల్లో రాసినదీ ఉండాలి. యాసైనా సరే. సైన్సు, తెలుగు టీచర్లు, డ్రాయింగ్ టీచరు ఉంటే ఆయన కూడా కలిసి కూర్చుని ఆ పిల్లను పది నిమిషాలు ప్రశ్నలు అడగాలి. వచ్చిన మార్కులు ఆ సబ్జెక్టులన్నిటికీ వెయ్యాలి. పది నిమిషాలు అడిగితే నా వీధి దీపం పట్టుకొచ్చిన పిల్లవాడు రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. జిల్లా సైన్స్ ఫెయిర్‌లో కూడా యంత్రాల పక్కన ఇలాంటి నోట్‌బుక్‌లకు ఒక బల్ల వెయ్యమని జిల్లా విద్యాశాఖాధికారి (డీఈఓ) గారిని కోరుతున్నాను.

మన పక్క పిల్లలకు విషయాలకు కరువా? కడప పిల్లలకు లంకమల అడవిలో కలివికోడి ఉంది. అంతరించిపోయిందని అందరూ అనుకున్న పిట్ట 1986లో మళ్లీ కనపడింది. రాత్రి తిరిగే పిట్టను చూడకుండా దాని గురించి ఎలా తెలుసుకుంటారు? కర్నూలు జిల్లా కేతవరం రాళ్ల మీద వేల ఏళ్ల నాటి ఎర్ర బొమ్మలు ఇన్ని వానలకు ఎందుకు కరిగిపోలేదు? బెలుం గుహల్లో ఎండ తగలకపోయినా లోపల చెమటలు ఎందుకు పడతాయి? అక్కడికి బస్సుల్లో పిల్లలను తీసుకుపోతూనే ఉన్నారు, సెల్ఫీలు దిగి వస్తున్నారు.

దీనివల్ల నా గిరాకీ కొంత పడిపోతుంది. ఈ ఏడాది నుంచి ఎటూ సైన్స్ ఫెయిర్ ఆర్డర్లు తీసుకోవడం లేదని షాపు బయట బోర్డు పెట్టాను. పిల్లలు తామే వస్తే బల్బులు, పాత ట్యూబులు, వైరు ముక్కలు ఊరికే ఇస్తాను. సోల్డరింగ్ ఐరన్ చెయ్యి కాలకుండా ఎలా పట్టుకోవాలో పక్కన నిలబడి చూపిస్తాను.

ఇట్లు,
ఒక మోటార్ మెకానిక్, పాతూరు, అనంతపురం
(పాప చదువు దృష్ట్యా నా పేరు వెయ్యవద్దని మనవి)