మీ గుమ్మంలో గడ్డకట్టిన మా ఊరగాయ

అందరికీ నమస్కారం. కడప నుంచి విదేశాల్లో ఉన్న మీకు పచ్చళ్లూ పొడులూ పంపే మీ అక్కను. దీపావళి సరుకు ఏమైందని చాలామంది అడుగుతున్నారు. ఆ సంగతి కింద చెప్తాను. ముందు ఒక పాత బాకీ తీర్చుకోవాలి.

2024 జనవరిలో మిషిగన్ నుంచి ఒక తమ్ముడు ఫోటో పెట్టాడు. మేం పంపిన మామిడికాయ ఊరగాయ సీసాలో పైన రెండు వేళ్ల మందాన తెల్లగా, మైనం పోసినట్టు పేరుకుని ఉంది. "అక్కా, ఇందులో డాల్డా ఏమన్నా కలిపారా?" అని మర్యాదగానే అడిగాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. గానుగలో ఆడించిన చెనిక్కాయ నూనె తప్ప ఇంకోటి మా గడప తొక్కదు, నమ్మకం లేకపోతే పారేసుకో నాయనా అని రాశాను. డబ్బులు వెనక్కి అడిగితే జవాబే ఇవ్వలేదు. ఆ చలికాలంలోనే ఇంకో నలుగురు ఇదే మాట అడిగారు. నలుగురికీ అదే జవాబు పంపాను, ఒక్క అక్షరం మార్చకుండా.

అదే ఏడాది అక్టోబరులో మా అమ్మాయి కాన్పుకని మిన్నియాపాలిస్ వెళ్లాను. తెల్లవారుజామున 18 డిగ్రీలుంటేనే కడపలో మేం స్వెట్టర్లు వెతుక్కుంటాం. అక్కడ జనవరిలో ఒక వారం మైనస్ 20 కూడా దాటింది. వాసన వస్తుందని అమ్మాయి పచ్చడి సీసాలన్నీ గ్యారేజీలో అలమారలో పెట్టేది. ఒకరోజు అన్నంలోకి ఊరగాయ తెద్దామని వెళ్లి సీసా తీస్తే, అదే తెలుపు. నా చేత్తో కలిపిన ఊరగాయ, నా సూట్‌కేసులో నేనే మోసుకెళ్లింది. ఆ చలిలో సీసా పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు.

లోపలికొచ్చి అమ్మాయికి చూపిస్తే, "అవునమ్మా, చలికి అంతే. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టు, కాసేపటికి మామూలైపోతుంది" అంది. మరి ఇన్నేళ్లలో నాకెందుకు చెప్పలేదే అంటే, "నువ్వెప్పుడడిగావు?" అంది.

సంగతేమిటంటే, చెనిక్కాయ నూనె, మీలో కొందరనే పల్లీ నూనె, మూడు డిగ్రీల దగ్గరికొస్తే చిక్కబడి తెల్లగా పేరుకుంటుంది. నువ్వుల నూనె సున్నా కన్నా ఇంకా కిందికి పోతే గానీ గడ్డకట్టదు. పార్శిల్ అబ్బాయి మధ్యాహ్నం మీ గుమ్మంలో పెట్టి వెళ్తాడు, మీరు ఆఫీసు నుంచి సాయంత్రం వస్తారు. ఆ నాలుగైదు గంటలు చాలు. కల్తీ మాదీ కాదు, తప్పు మీదీ కాదు. తెలియకుండా నోరు పారేసుకున్నది నేను. ఏప్రిల్‌లో తిరిగి రాగానే ఆ అయిదుగురికీ క్షమాపణ రాసి, ఎవరి డబ్బు వాళ్లకు పంపాను. నలుగురు తీసుకున్నారు.

ఆ ఆరు నెలల్లో నాకు తెలిసొచ్చింది నూనె ఒక్కటే కాదు. నాలుగేళ్లుగా మీకు పొడులూ పచ్చళ్లూ పంపుతున్నాను గానీ, అవి మీ ఇళ్లలో ఎట్లా బతుకుతున్నాయో ఒక్కనాడూ ఆలోచించలేదు.

వెళ్లిన మూడో రోజు అల్లుడికి ఎర్రకారం దోసె తినిపిద్దామని ఎండుమిరపకాయలు వేయించాను. ఇక్కడైతే వంటింటి తలుపు తీస్తే ఘాటు పెరట్లోకి పోతుంది. అక్కడ చలికి కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. పొయ్యి మీదుండే ఫ్యాను పొగను బయటికి పంపదట, లాగి మళ్లీ ఇంట్లోకే వదులుతుందట. ఇదేం ఫ్యానో నాకిప్పటికీ అర్థం కాలేదు. కాసేపటికి పైకప్పులో అలారం కుయ్యో మని మొదలుపెట్టింది. పెద్దమనవడు చెవులు మూసుకుని ఏడుపు, అమ్మాయికి దగ్గు. అల్లుడు పాపం కుర్చీ ఎక్కి తువ్వాలుతో అలారానికి విసురుతున్నాడు. కిటికీ తీస్తే గాలి కత్తిలా తగిలింది. దోసెలు తినేసరికి అందరం స్వెట్టర్లలో ఉన్నాం.

ఇంకోటి, కోట్లు. తాలింపు పెట్టే ముందు అమ్మాయి పరుగెత్తి అందరి చలికోట్లూ తీసుకుపోయి పడకగదిలో పెట్టి తలుపేసి వస్తుంది. ఇంగువ, ఆవాల వాసన ఆ కోటుకు పట్టిందంటే ఆ చలికాలమంతా వదలదట. మన వంట మనకు బాగుంటుంది గానీ, లిఫ్టులో పక్కవాళ్ల ముందు సిగ్గుపడేది తనే కదా. మనింట్లో తాలింపు వాసన వీధి చివరికి వస్తే ఆ ఇంట్లో ఏదో బాగా చేస్తున్నారనుకుంటారు.

అందుకే ఈ నెల నుంచి పచ్చికారంతో, అంటే వేయించని ఎండుమిరపకాయల కారంతో, చేసే పొడులు విదేశాలకు పంపడం మానేశాను. పప్పుల పొడి, చెనిక్కాయల పొడి, ఎర్రకారం అన్నీ మేమే ఇక్కడ వేయించి, దంచి పంపుతాం. ఎర్రకారం పొడిలో ఉల్లిపాయ, ఉప్పు కలిపి నూరుకుంటే చాలు, మీ అలారం నోరు మెదపదు.

ప్యాకెట్ల సంగతి చెప్పాలి. అమెరికా వాళ్లు రోజూ మా గోంగూర తింటారని నా నమ్మకం. మా అమ్మాయి ఇంట్లో చూస్తే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎవరూ పచ్చడి ముట్టరు. ఆఫీసు మైక్రోవేవ్‌లో వాసన వస్తుందని భయం. శనివారం మాత్రం పొద్దున్నే సంగటి, ఊరిబిండి, పచ్చిపులుసు, అన్నీ ఒకేసారి. కిలో సీసా తొమ్మిది నెలలు వచ్చిందట. ఆఖరుకు వచ్చేసరికి పైన రంగు మారి రుచి పోతుంది, నింద మాత్రం మామీదికి వస్తుంది. ఇక నుంచి పచ్చళ్లు 200 గ్రాముల సీసాల్లోనే. దీనివల్ల నా అమ్మకం తగ్గుతుంది. మా ఆయన లెక్క వేసి చూపించి రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

పొద్దు సంగతి మీకు నేను చెప్పేదేముంది. నవంబరు 3న గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పారు, ఆ సాయంత్రం అయిదింటికల్లా చీకటి. డిసెంబరులో నాలుగున్నరకే దీపం పెట్టాల్సి వచ్చింది. మొదటి వారం నాకు దిగులు పట్టుకుంది, టీ తాగే వేళకు రాత్రి అయిపోతే మనిషికి ఏం తోస్తుంది! జూన్‌లో తొమ్మిదింటి దాకా వెలుతురుంటుందని, పిల్లలు పడుకోమని మొరాయిస్తారని అమ్మాయి చెప్పింది. ఆ కాలం నేను చూడలేదు కాబట్టి దాని గురించి మాట్లాడను.

దోసెపిండి పులవక ఓవెన్‌లో లైటు వేసి అందులో పెట్టడం, పెరుగు గిన్నెకు దుప్పటి చుట్టడం, ఇవన్నీ నాకు కొత్త. ఒక్క మంచి మాత్రం చూశాను. హీటర్ వేసిన ఇంట్లో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే అప్పడాలు డబ్బా మూత తీసి పెట్టినా మెత్తబడలేదు. మా మిద్దె మీద కడప బండల మీద ఆరబెట్టే వడియాలు కూడా అంత గలగలలాడవు.

2025 మార్చి 30, ఆదివారం ఉగాది. బయట అక్కడక్కడ మురికి మంచు కుప్పలు ఇంకా కరగలేదు. పచ్చిమామిడికాయ మెక్సికన్ దుకాణంలో దొరికింది. వేపపువ్వు లేదు, చేదుకు నాలుగు మెంతులు వేశాం. ఆ పొద్దున నాకు దేవుని కడప గుడి గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉగాదికి అక్కడ ముస్లింలు కూడా బీబీ నాంచారి మా ఇంటి ఆడపడుచని బెల్లం, చింతపండు తీసుకొచ్చి వెంకటేశ్వరస్వామిని దర్శించుకుంటారు. పెళ్లయ్యాక ఆ వరసలో నేను నిలబడని ఉగాది అదొక్కటే. ప్రతి ఏడూ నాకు ఫోన్ చేసి "అత్తా, వేపపువ్వు పొడి పంపవా" అని ఏడిపించే అమ్మాయిలూ, మీ గొడవేమిటో ఇప్పుడు అర్థమైంది. ఈసారి చైత్రంలో వేప పూతకొచ్చినప్పుడే ఎండబెట్టి ఉంచుతాను.

ఇక మీ దీపావళి సరుకు. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు పన్ను లేకుండా ఉన్న వెసులుబాటును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. ఆ సుంకం ఎవరు, ఎట్లా వసూలు చేయాలో తేలక విమానాల వాళ్లు పార్శిళ్లు ఎక్కించుకోలేదు. మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచే అమెరికా బుకింగులు ఆపి, మళ్లీ అక్టోబరు 15న మొదలుపెట్టింది. మీ పెట్టెలు అన్నాళ్లూ మా నడవలోనే ఉన్నాయి. 2025 అక్టోబరులో అట్లా మొదలైనప్పుడు సరుకు విలువలో సగం సుంకంగా బుకింగ్ రోజే కట్టాల్సి వచ్చింది. వెయ్యి రూపాయల ఊరగాయకు అయిదొందలు, దానిపైన పార్శిల్ ఖర్చు. అది నేను భరించలేకపోయాను, మీరు భరించమని అడగడానికి నోరు రాలేదు. ఎవరైనా అమ్మానాన్నలు మీ దగ్గరికి వస్తుంటే చెప్పండి, సూట్‌కేసుకు సరిపడా బరువు చూసి, కారకుండా రెండు కవర్లలో కట్టి ఇస్తాం. చికెన్, మటన్ పచ్చళ్లు మాత్రం అడగొద్దు, మాంసం అక్కడి విమానాశ్రయంలో తీసేస్తారు.

కువైట్‌లో ఉన్న మన రాజంపేట, రాయచోటి వైపు వాళ్ల బాధ దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ ఎండకు నూనె పలచబడి మూత సందుల్లోంచి కారుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు వరకు బయటి పని చేయించకూడదని అక్కడ నిబంధనే ఉంది, ఇక ఊరగాయ ఎంత! ఆ మూడు నెలలూ మీకు పొడులే పంపుతాం. నూనె పచ్చళ్లు నవంబరు నుంచి, ఎవరైనా వస్తుంటే వాళ్ల చేతికిచ్చి.

నేను లేనప్పుడు మా ఆడబిడ్డ అంగడి చూసుకుంది. డిసెంబరు గోంగూరలో ఉప్పు రెండుసార్లు పడింది. తను ఒప్పుకుంది, నేనూ రుచి చూశాను, నిజమే. ఆ సీసాలు తీసుకున్నవాళ్లు ఒక్క మెసేజ్ పెట్టండి, బదులు పంపుతాం, పాతది వెనక్కి ఇవ్వక్కర్లేదు.

చలి ఊళ్లవాళ్ల కోసం ఈసారి నువ్వుల నూనెతో కలిపిన మామిడికాయ వేరే పెట్టాను. కాస్త ఖరీదెక్కువ. డబ్బు వెనక్కి తీసుకోని ఆ మిషిగన్ తమ్ముడికి మొదటి సీసా పంపుదామని ఫోన్ చేశాను. వాళ్ల నాన్న నవంబరులో వెళ్తున్నాడట. "నువ్వుల నూనెది వద్దక్కా, మా అమ్మ చేసేది చెనిక్కాయ నూనెతోనే. గడ్డకడితే నీళ్లలో పెట్టుకుంటాలే" అన్నాడు. రెండు సీసాలు కట్టి పెట్టాను.