పూలతోటకీ గాడిదకీ మధ్య కంచె ఉండాల్సిందే

ఎడిటర్ గారికి,

పూలతోటల మీద వచ్చే ఫీచర్లలో ఈమధ్య మినియేచర్ గాడిదలు (పొట్టి జాతివి) కూడా కనిపిస్తున్నాయి, మెడలో దండ, చుట్టూ గులాబీలు. చూడటానికి ముద్దుగానే ఉంటాయి. ఇంట్లో పూలమొక్కలతో పాటు వీటినీ పెంచుతున్న మనిషిగా ఒక మాట చెప్పాలనిపించి రాస్తున్నాను. రెండింటినీ ఒకేచోట వదిలేస్తే తోట పాడవుతుందని అందరికీ తెలుసు, కానీ ప్రాణం మీదకొచ్చేది గాడిదకి.

మనం ఇష్టంగా వేసుకునే గన్నేరు, పచ్చ గన్నేరు, లాంటానా, అజేలియా, ఫాక్స్‌గ్లోవ్ అన్నీ దానికి విషమే. వీటిలో గన్నేరు మరీ దారుణం, కొద్దిపాటి ఆకులు కడుపులోకి వెళ్లినా గుండె లయ తప్పుతుంది. చెట్టున ఉన్నంతసేపూ ఆ చేదుకి చాలావరకు ముట్టదు, అసలు ప్రమాదం మనం కొమ్మలు కత్తిరించి ఓ మూల పడేసినప్పుడు, ఎందుకంటే ఆకు వాడిపోతే తినబుద్ధేస్తుంది గానీ విషం మాత్రం అలాగే ఉంటుంది. పక్కింటివాళ్లకి కూడా ఈ సంగతి చెప్పి ఉంచాలి, పాపం వాళ్లు ప్రేమతోనే తోటలో కోసిన చెత్తంతా గోడ మీదుగా వేస్తారు. మిషన్‌తో కోసిన లాన్ గడ్డి కూడా వద్దు, అది కుప్పలో వేడెక్కి పులుస్తుంది, తింటే ప్రాణాంతకమైన కడుపునొప్పి రావచ్చు.

గులాబీలు విషం కాదు, కాబట్టి అవి మిగలవు. కంచె సందులోంచి పై పెదవిని ముందుకి సాచి, ముల్లు తగలకుండా ఒక్కో ఆకునీ మెల్లగా పట్టి తెంపుతుంది, మొగ్గ కనపడితే ముందు మొగ్గే. చిన్న చెట్ల బెరడు కూడా గీరి తినేస్తుంది. అందుకే మొక్కల్ని కంచెకి ఆనించి కాకుండా దాని మెడ అందనంత దూరంలో వేసుకోవాలి.

ఈ జాతి సిసిలీ, సార్డీనియా దీవులది, 1929లో అమెరికాకి చేరింది. భుజం దగ్గర ఎత్తు 36 అంగుళాలు దాటదు, కానీ ఎత్తు తక్కువని కుక్కపిల్లని తెచ్చినట్టు తెచ్చుకుంటే కష్టం, 30 ఏళ్లు బతికేవీ ఉన్నాయి. పైగా గాడిద శరీరం ఎండునేలలకి అలవాటుపడింది, పీచు ఎక్కువున్న ఎండుగడ్డితోనే సరిపెట్టుకోగలదు. మనమేమో పచ్చిక, గింజలు, వచ్చినవాళ్లు పెట్టే బిస్కెట్లు! మెడ మీద కొవ్వు గట్టిపడి దిమ్మలా పెరుగుతుంది, అది ఓ పక్కకి వాలిపోతే మళ్లీ నిలబడటం దాదాపు ఉండదు, దాని వెనకే గిట్టల లోపల వాపు వస్తుంది. అలాగని ఒక్కసారిగా తిండి తగ్గించేయకూడదు, ఒంట్లోని కొవ్వు రక్తంలోకి వచ్చేసి కాలేయం దెబ్బతింటుంది.

ఇక ఒక్కదాన్నే తెచ్చుకోవడం అన్యాయం. మనం రోజంతా పక్కన కూర్చున్నా ఇంకో గాడిద లేని లోటు తీరదు. జంటలో ఒకటి పోతే రెండోది దిగులుతో తిండి మానేస్తుంది, అప్పుడూ పైన చెప్పిన, కొవ్వు రక్తంలోకి వచ్చే జబ్బే. నొప్పి ఉన్నా పైకి కనపడనివ్వవు, కాబట్టి ఎప్పుడూ తినేది ఒక పూట తినకుండా నిలబడిందంటే రేపు చూద్దాం అనుకోకుండా అప్పుడే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. ఆరు నుంచి పది వారాలకోసారి గిట్టలు కత్తిరించే మనిషి కావాలి, వానకి తడవని కప్పు కావాలి, ఎందుకంటే వాటి బొచ్చు గుర్రం బొచ్చులా నీటిని ఆపదు.

తోటకి దక్కేది లద్దె. కొన్ని నెలలు బాగా మాగనిస్తే మంచి ఎరువు, పచ్చిగా వేస్తే అందులోని గడ్డి విత్తనాలన్నీ పూలమళ్లలో మొలుస్తాయి. మేత పండించిన పొలంలో ఏ కలుపుమందు కొట్టారో కూడా అడగండి, కొన్ని మందులు గాడిద కడుపు దాటి లద్దెలోనూ నిలిచే ఉంటాయి, ఆ ఎరువు వేసిన మొక్కల ఆకులు ముడుచుకుపోతాయి.

ఎడిటర్ గారూ, నాకు వీటిని పెంచడమంటే ప్రాణం, ఎవర్నీ వద్దనడం లేదు. ఇకముందు ఇలాంటి ఫొటో వేసినప్పుడు పక్కనే విషపు మొక్కల పేర్లు వేయండి, రెండు గాడిదలకి తక్కువ కాకుండా పెంచాలని కూడా రాయండి. కొనేముందు ఎవరో ఒకరు అది చదువుతారు.

ఇట్లు,
మీ పాఠకురాలు